వీరబాబుకు గొంతిచ్చిన చిట్టియ్య

చిట్టియ్య గొంతులో పెరుగుతున్నది మామూలు పుండు కాదనీ, స్వరపేటికను మొత్తంగా తీసివేయడం తప్ప వేరే దారి లేదనీ కాకినాడలో డాక్టరుగారు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన ఇంగ్లీషు మాట వాడారు. చిట్టియ్యకు అర్థం కాలేదని గ్రహించి ‘స్వరపేటిక’ అన్న మాట నేనే అందించాను. ముప్పై ఆరేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసినవాడికి సరైన మాట సమయానికి తోచడం కొత్త కాదు. తోచినందుకు సిగ్గుపడటం మాత్రం ఆ రోజే మొదలు.

చిట్టియ్య బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ గొంతు బొమ్మ వైపు కాసేపు చూసి, “అయితే మరి మా ఏసమ్మకి సినిమా ఎవరు చెప్తారండి?” అని అడిగాడు.

డాక్టరుగారు నా ముఖం వైపు చూశారు. రోగికి విషయం ఎక్కలేదేమోనని ఆయన అనుమానం. “ముందు ప్రాణం సంగతి చూద్దామండి. మూడు వారాలకు మించి ఆగడానికి లేదు” అన్నారు.

“ఆగితే ఏమవుతాదండి?”

“ఊపిరి దారి మూసుకుపోతుంది.”

“ఆయ్” అన్నాడు చిట్టియ్య, వచ్చేటప్పుడు కూరలు తెమ్మంటే ఒప్పుకున్నంత తేలికగా. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక నా మోచెయ్యి పట్టుకుని, బొంగురుపోయిన ఆ గొంతుతోనే, “నేను చేయించుకోనండి మేస్టారూ” అన్నాడు.

ఏసమ్మ అతని భార్య. ఆమెకు చూపు లేదు. నాలుగో ఏట మశూచి వచ్చి రెండు కళ్ళూ పోయాయి. అక్షరాలు నేర్చే వయస్సు రాకముందే అక్షరాలు కనబడటం మానేశాయి. వారికి పిల్లలు లేరు. సామర్లకోటలో బాప్టిస్టు చర్చి వెనుక వీధిలో, ఒక గదీ ఒక వసారా ఉన్న ఇంట్లో, నలభై ఏళ్ళుగా ఒకరికొకరు ఆధారంగా బతుకుతున్నవారికి రేపు అతని మాట పోతే ఏమిటి గతి? అతను సైగ చేస్తే ఆమెకు కనబడదు. రాసి చూపితే ఆమెకు అందదు. ఒకే గదిలో ఉండి, ఒకరికొకరు దొరకకుండా పోతారు. డాక్టరుగారి బల్ల దగ్గర చిట్టియ్య అడిగినది సినిమా గురించి కాదు.

కానీ సినిమా గురించి కూడా. ఆ సంగతి చెప్పాలంటే నలభై మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో మా ఊరి స్టేషను రోడ్డులో ఒక సినిమా హాలు ఉండేది. పేరు చెప్పను, ఇప్పుడది ఎరువుల గోడౌను. యజమాని ఎక్కడి నుంచో అరిగిపోయిన ఇంగ్లీషు సినిమా పెట్టెలు తెచ్చి ఉదయం ఆట వేసేవాడు. వాటిలో ఎక్కువ భాగం బొమ్మల పుస్తకాల నుంచి పుట్టిన అద్భుతవీరుల కథలు. ఈ జాతి కథానాయకుణ్ణి తెలుగులో ఏమనాలన్న విషయం మీద నేను చాలా కాలం ఆలోచించాను. ‘అతిమానుషుడు’ అంటే రాక్షసుడికీ వర్తిస్తుంది. ‘మహావీరుడు’ అంటే ఒక మతానికి చెందిన తీర్థంకరుడు గుర్తుకు వస్తాడు. ‘అద్భుతవీరుడు’ కొంత నయం. చిట్టియ్యకు ఈ బాధ లేదు. ముసుగు వేసుకుని, వీపున గుడ్డ కట్టుకుని, ఆకాశాన ఎగిరే ఆ మనిషికి అతను మొదటి రోజే ‘వీరబాబు’ అని పేరు పెట్టేశాడు. మా ఊరు నేటికీ అదే పేరుతో పిలుస్తుంది.

పేరు పెట్టవలసిన అవసరం ఎందుకు వచ్చిందంటే, మొదటి వారం జనం విరామానికే లేచి వెళ్ళిపోయారు. తెర మీద ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో ఒక్కరికీ తెలియలేదు. చిట్టియ్య అప్పటికి ఇరవై నాలుగేళ్ళవాడు. ఏడో తరగతితో చదువు ఆపి, రిక్షాలో మైకు పెట్టుకుని ఊరూరా సినిమా ప్రచారం చేసేవాడు. యజమాని అతణ్ణి పిలిచి, “ఆ మైకేదో హాల్లో కూర్చుని పట్టుకో. కథ తెలుగులో చెప్పు” అన్నాడు.

“నాకు ఇంగ్లీషు రాదండి బాబూ.”

“చూసేవాళ్ళకి మాత్రం వచ్చేంటి?”

ఆపరేటరు వెంకటరమణ ఉండే కేబిన్‌లో యంత్రం చప్పుడూ వేడీ మనిషిని నిలవనీయవు. అందుచేత కేబిన్ గోడకు ఇవతల, ఆఖరి వరుస పక్కన, ఒక ముక్కాలిపీట వేసి చిట్టియ్యను కూర్చోబెట్టారు. గోడ అవతలివాడికి మాట వినబడదు కనుక సంకేతాలు పెట్టుకున్నారు. రూళ్ళకర్రతో గోడ మీద ఒక దెబ్బ కొడితే ‘సినిమా శబ్దం తగ్గించు, నేను మాట్లాడబోతున్నాను’ అని. రెండు దెబ్బలు ‘నా మాట అయింది, పెంచు’. మూడు ‘తన్నులాట మొదలైంది, పూర్తిగా పెంచు’. నాలుగు ‘బొమ్మ మసకబారింది, సరిచెయ్యి’. ఐదు దెబ్బలు కొడితే మాత్రం కొంప మునిగినట్టే: ‘తప్పు రీలు ఎక్కించావు’. రూళ్ళకర్ర నాది. ఆరో తరగతి పిల్లల చేతుల మీద వాడటం నాకు నచ్చక ఇచ్చేశాను.

ఆ తొలితరం అద్భుతవీరుల సినిమాలు ఎంత అమాయకమైనవో తలచుకుంటే నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది. వీరుడు ఎగురుతుంటే నడుముకు కట్టిన తీగ కనబడేది. వెనుక ఆకాశం రంగులు వేసిన గుడ్డ అని తెలిసిపోయేది. దుష్టుడు ఒక్కడే, ఆకుపచ్చ కోటు వేసుకుని, గాజు గొట్టాల మధ్య నిలబడి నవ్వేవాడు. వీరుడికి సందేహం లేదు, దిగులు లేదు. “మా వీరబాబుకి జలుబు కూడా చెయ్యదండి” అనేవాడు చిట్టియ్య. అతను చెప్పిన ప్రకారం వీరబాబు గోదావరి వరదలో పట్టిసీమ దగ్గర తట్టలో కొట్టుకువచ్చిన పసివాడు; పాపాయి అనే పాలమ్ముకునే ముసలమ్మ పెంచింది. తెర మీద మేడలు ఆకాశాన్ని అంటుతుంటే, “పాపాయమ్మ పాలు పొయ్యడానికి వచ్చే పేట ఇదేనండి” అని నిబ్బరంగా చెప్పేవాడు. హాల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు.

నేను ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. శిష్యులు చూస్తారేమోనని ఆఖరి వరుసలో, చిట్టియ్యకు దగ్గరగా కూర్చునేవాణ్ణి. ఒకనాడు ఆట ముగిశాక, “నాయనా, ‘బయంకరం’ కాదు, ‘భయంకరం’. ‘గోరం’ కాదు, ‘ఘోరం’. వాటిని మహాప్రాణాలంటారు. ఊపిరి ఒత్తి పలకాలి” అని చెప్పాను. మరొకరైతే నొచ్చుకునేవారు. అతను రిక్షాలో తిరుగుతూ వారం రోజులు సాధన చేశాడు. తరువాతి ఆదివారం ‘భ’ అన్నప్పుడు మైకు దద్దరిల్లింది. నా జీవితంలో మహాప్రాణాన్ని అంత శ్రద్ధగా నేర్చుకున్న శిష్యుడు మరొకడు లేడు. ఇప్పుడు ఆ ఊపిరే కదా అతని నోటి దాకా రాకుండా పోయేది.

దారి తప్పాను. ఐదు దెబ్బల సంగతి చెప్పాలి.

ఎనభై మూడో సంవత్సరంలో ఒక ఉదయం ఆటలో వెంకటరమణ ఆరో రీలుకు బదులు తొమ్మిదో రీలు ఎక్కించాడు. వీరబాబు చచ్చిపోయాడు. జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. చిట్టియ్య గోడ మీద ఐదు దెబ్బలు కొట్టాడు. వెంకటరమణ కంగారుపడి ఆరో రీలు వేశాడు. వీరబాబు చక్కగా తల దువ్వుకుంటూ ప్రత్యక్షమయ్యాడు.

“చచ్చిపోయినోడు మళ్ళీ ఎలా వచ్చేడ్రా?” అని ముందు బెంచీలు గోలపెట్టాయి.

చిట్టియ్య మైకులో దగ్గి, “కంగారు పడకండి బాబూ. వీరబాబు గోదాట్లో మూడు మునకలేసి లేచేడు. చావుకి అతనంటే భయం!” అన్నాడు. ‘భ’ దివ్యంగా పలికింది. హాలంతా ఈలలు.

ఇటీవల వచ్చే ఈ జాతి సినిమాల్లో వీరుడు ఒక భాగంలో చనిపోయి మరో భాగంలో తిరిగి రావడం పరిపాటి అయిపోయింది. “ఆళ్ళు మన సామర్లకోటలో నేర్చుకున్నదే కదండీ మేస్టారూ” అని చిట్టియ్య నాతో చాలాసార్లు అన్నాడు.

ఆ రోజు ఆట వదిలాక అందరూ వెళ్ళిపోయినా ఒక ఇరవై మూడేళ్ళ అమ్మాయి గోడ పట్టుకుని నిలబడి ఉంది. తోడు వచ్చిన అక్క రూతు చెయ్యి లాగుతోంది. ఆ అమ్మాయి కదలకుండా, “అయ్యా, మీరు ఎప్పుడూ ఒకటి, రెండు, మూడు కొడతారు కదండి. ఇయ్యాల ఐదు కొట్టేరేంటి?” అని అడిగింది. ఆఖరి వరుసలో గోడకు వీపు ఆనించి కూర్చునేది కనుక ఆమెకు ప్రతి దెబ్బా వెన్నులో తెలిసేది. మూడు వందల మంది సినిమా చూశారు. దెబ్బలు విన్నది ఆమె ఒక్కతే. మరుసటి సంవత్సరం బాప్టిస్టు చర్చిలో పెళ్ళి జరిగింది. నేను వెళ్ళాను. పెళ్ళికొడుకు ప్రమాణం చేసేటప్పుడు పాస్టరుగారు, “చిన్నగా చాలు చిట్టియ్యా, దేవుడు దగ్గరలోనే ఉన్నాడు” అన్నారు.

పెళ్ళయ్యాక ముక్కాలిపీట పక్కన ఏసమ్మకు ఒక కుర్చీ స్థిరపడింది. జనానికి కథ మైకులో. ఆమెకు రంగులు చెవిలో. ఆమెకు గుర్తున్న రంగు ఒక్కటే: చూపు పోకముందు ఇంటి ముందు ఆరబోసిన పండుమిరప. అందుచేత వీరబాబు వీపున గుడ్డ నీలంగా ఉన్నా, నల్లగా ఉన్నా, చిట్టియ్య ఆమెకు ఎర్రగానే చెప్పేవాడు. ఇది అబద్ధం కదా అని నేనొకసారి అన్నాను. “ఆవిడకి ఉన్నది అదొక్క రంగేనండి. తక్కినయ్యి చెప్పి ఏం చేస్తాను?” అన్నాడు.

తొంభైల నడుమ ఆ సినిమాలకు తెలుగు మాటలు అతికించి విడుదల చెయ్యడం మొదలుపెట్టారు. మా హాల్లో మొదటి ఆట నాడు పెద్ద రభస. పట్టిసీమ లేదు, పాపాయమ్మ లేదు, వీరుడి పేరు వీరబాబు కానే కాదు. “ఇది మా వీరబాబు కథ కాదు, మోసం!” అని జనం లేచారు. అసలు సినిమాయే అబద్ధమనీ, చిట్టియ్య చెప్పినదే నిజమనీ తేల్చి, సినిమా శబ్దం ఆపించి, అతని చేతికి మైకు ఇప్పించారు. ఆ మర్యాద రెండు వారాలు సాగింది. మూడో వారానికి కొత్త కుర్రకారు వచ్చి అసలు మాటలే కావాలన్నారు. యజమాని మైకు తీసి, చిట్టియ్యను గేటు దగ్గర టిక్కెట్లు చింపే పనిలో పెట్టాడు. అప్పటి నుంచి అతని శ్రోత ఒక్కతే.

ఈలోగా వీరుడు కూడా మారిపోతూ వచ్చాడు. రెండో తరంలో వెలుతురు పోయింది; వీరుడు వానలో, మేడ అంచున, తల్లిదండ్రులను తలుచుకుంటూ కూర్చోవడం మొదలుపెట్టాడు. “ఎంతసేపూ దిగులేనేంటయ్యా, అన్నం తిన్నాడో లేదో” అనేది ఏసమ్మ. తరువాత కంప్యూటరు వచ్చింది. తీగలు కనబడటం మానేశాయి. నగరాలకు నగరాలే కూలిపోయేవి. నల్లద్దాలు పెట్టుకుని చూసే సినిమా వచ్చినప్పుడు గేటు దగ్గర ఏసమ్మకు కూడా ఒక జత ఇచ్చారు. ఆమె శ్రద్ధగా పెట్టుకుని, ఆట అయ్యాక, “ఇయ్యి పెట్టుకుంటే కొంచెం బాగానే ఉందండి మేస్టారూ” అంది నవ్వకుండా. చిట్టియ్య వారం రోజులు నవ్వాడు. ఆపైన వీరులు గుంపులుగా రావడం, ఒక కథ అర్థం కావాలంటే అంతకుముందు వచ్చిన ఇరవై కథలు తెలిసి ఉండవలసిరావడం. ఇంకా ఆపైన, వేరు వేరు లోకాల నుంచి ఒకే వీరుడు పలు రూపాల్లో దిగడం. హాలు మూతపడ్డాక కూడా వాళ్ళిద్దరూ ఏడాదికి రెండు మూడుసార్లు బస్సెక్కి కాకినాడ వెళ్ళి ఈ సినిమాలు చూసేవారు. అతను చెవిలో చెప్పేవాడు. ఆమె దృష్టిలో అందరూ వీరబాబులే. కొందరు వీరబాబు అన్నదమ్ములు.

మార్పు ఏమిటో నాకంటే ఏసమ్మే బాగా చెప్పింది. “అప్పట్లో ఈరబాబు మాట్లాడేవాడు కాదండి, కొట్టేవాడు. ఇప్పుడు కొట్టేముందు ఏడుస్తున్నాడు. శక్తి పోతాదేమోనని బెంగ పట్టుకుంది ఆడికి.”

ఆ బెంగ ఇప్పుడు వాళ్ళింటికే వచ్చింది.

డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన రాత్రి చిట్టియ్య ఆమెకు ఏమీ చెప్పలేదు. తెల్లవారి నేను వెళ్ళేసరికి ఆమె వసారాలో కూర్చుని ఉంది. “గొంతు తీసేస్తారంట కదండీ” అంది. “ఆయన చెప్పలేదు. నిద్దట్లో కలవరింత చెప్పింది.” ఆమె అంత కఠినంగా మాట్లాడగలదని అంతవరకు నేను ఎరుగను. “తీయించుకోమని చెప్పండి. నాకోసం ఆగితే నేను ఆయన సావుకి కూర్చోవాలి. అదేం సినిమా అండీ?”

లోపలి నుంచి చిట్టియ్య అరవబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

మూడు వారాల్లో నాలుగు రోజులు అలా పోయాయి. నేను నా శక్తి కొద్దీ ఉపాయాలు వెతికాను. ఫోను దుకాణం అనిల్ కుమార్‌ను పిలుచుకువచ్చాను. రాసినదాన్ని పైకి చదివే ఏర్పాటు ఒకటి ఫోనులో పెట్టి, ‘ఏసమ్మా, మంచినీళ్ళు తాగుతావా’ అని రాశాడు. ఫోను ఆడగొంతుతో, విరుపులన్నీ తప్పుగా, ఆ వాక్యం చదివింది.

“ఎవరీవిడ?” అంది ఏసమ్మ.

“ఎవరూ కాదండి, ఫోను.”

“నాకు నీళ్ళు కావాలా అని ఆవిడతో అడిగించేకంటే దాహంతో ఉంటాను.”

మగగొంతు పెట్టి చూశారు. అది ఇంకా ఘోరం. “ఈయనెవరో బేంకులో పనిచేస్తాడులాగుంది” అని ముఖం తిప్పేసింది.

అతని మాటలు ముందే ఫోనులో పట్టి ఉంచుకుందామని నేనన్నాను. ఏసమ్మ, “నేను అడిగినదానికి అది జవాబు చెప్పదు కదండి. చచ్చిపోయినవాళ్ళ మాటలు కదండీ అలా దాచుకుంటారు?” అంది.

ఇక మిగిలినది నా విద్య. చిట్టియ్య ఆమె అరచేతిలో వేలితో అక్షరాలు రాస్తే చాలు, ఆమె చదువుకోగలిగితే అన్నీ సరిపోతాయి. ప్రతి సాయంత్రం నాలుగింటికి వెళ్ళి ఆమె అరచెయ్యి పట్టుకుని ‘అ ఆ’లు దిద్దాను. వేల మంది పిల్లల చేత దిద్దించినవాణ్ణి. అరవై నాలుగేళ్ళ వయస్సుకు, రుబ్బురోలు దగ్గరా గిన్నెల దగ్గరా కాయకట్టిన ఆ అరచేతిలో నా వేలు ఆడిన సంగతే ఆమెకు సరిగ్గా తెలియలేదు. ‘ప’కూ ‘వ’కూ తేడా తెలియదు. గుణింతం దగ్గర చేతులెత్తేసింది. పదకొండో రోజున, “మేస్టారూ, మీరు ఎంత మంచోరో నాకు తెలుసు. ఇంక చాలండి” అని చెయ్యి వెనక్కి తీసుకుంది. మన లిపి అందాన్ని గురించి నేను సభల్లో ఎన్ని గంటలు మాట్లాడానో! ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఆ గుండ్రని అక్షరాలన్నీ నాకు మూసిన తలుపుల్లా కనబడ్డాయి.

డాక్టరుగారు చెప్పిన గడువుకు ఐదు రోజులుంది. చిట్టియ్య అన్నం మింగడం మానేశాడు. గంజి ఒక్కటే దిగుతోంది. మెట్టు ఎక్కితే ఈల వేసినట్టు ఊపిరి. ఆపరేషను మాట ఎత్తితే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ శుక్రవారం కొత్త అద్భుతవీరుడి సినిమా వచ్చిందని విని, “ఆవిడకి ఇదొక్కటి చెప్పి ఊరుకుంటానండి” అని గుసగుసగా అన్నాడు. ఊరుకుంటాననడంలో అర్థం నాకు తెలిసింది. అయినా కాదనలేకపోయాను. ముగ్గురం ఉదయం ఆటకు కాకినాడ వెళ్ళాం.

పెద్ద హాలు. కుర్చీలు మెత్తగా, చుట్టూ గోడలన్నీ గుడ్డ చుట్టి. శబ్దం నేల లోంచి వచ్చేది. చిట్టియ్య ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పుకుపోతున్నాడు. పక్కన కూర్చున్న నాకు అది కాగితం చింపుతున్న చప్పుడులా వినబడింది. విరామం దాకా ఎలాగో లాక్కువచ్చాడు. తరువాత పావుగంటకు ఆ చప్పుడు ఆగిపోయింది. నోరు కదులుతోంది. ఏమీ రావడం లేదు.

తెర మీద ఏదో కూలింది. నేల అదిరింది.

“ఏవయ్యా?” అంది ఏసమ్మ. “ఏవయ్యా, ఉన్నావా?” గాలిలో చెయ్యి ఆడించింది. అతని ముఖం తగిలింది, తడిగా ఉన్నట్టుంది. “ఏమవుతోంది? చెప్పు! మేస్టారూ, ఏడీ ఈయన?”

ముందు వరుసలో ఎవరో, “కొంచెం నెమ్మదిగా అమ్మా” అన్నారు.

నేనేదో చెప్పబోయాను. సినిమా ఏమిటో నాకే అర్థం కావడం లేదు. వీరులు పదిమంది, అందరూ అరుస్తున్నారు. అలాంటి నిస్సహాయత నేను ఎన్నడూ ఎరుగను. మాటలు తప్ప మరొకటి చేతకాని మనిషికి ఒక్క మాట దొరకలేదు.

అప్పుడు చిట్టియ్య వేలి కణుపుతో కుర్చీ చేతి మీద కొట్టాడు. మూడుసార్లు. ఆలోచించి కొట్టినట్టు లేదు. తెర మీద తన్నులాట మొదలైతే పన్నెండేళ్ళు ఆ చెయ్యి చేసిన పని అది.

ఏసమ్మ ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. రెండు అరచేతులూ కుర్చీ చేతి మీద ఆనించింది.

“తన్నులాటా?” అంది.

మళ్ళీ మూడు.

“ఎవరితో? పచ్చకోటోడితోనా?” జవాబుకు దెబ్బ లేదు, అతను ఆమె మణికట్టు నొక్కి ఊరుకున్నాడు. “సరే, కానీ” అంది. ఆమె మొహంలో భయం పోలేదు కానీ చెవులు పనిలో పడ్డాయి. బొమ్మ పొగతో నిండిపోయినప్పుడు నాలుగు దెబ్బలు. “మసకా? సరే.” తన్నులాట అయిపోయినప్పుడు రెండు.

చివరికి తెర మీద వీరుడు నేల మీద పడి ఉన్నాడు. సంగీతం సన్నగిల్లింది. హాల్లో ముక్కులు చీదుతున్న చప్పుడు. ఏసమ్మ ఆ నిశ్శబ్దం విని, “చచ్చిపోయేడా?” అంది. “ఈరబాబు చచ్చిపోయేడా? చెప్పు, చెప్పు.”

చిట్టియ్య చాలాసేపు కదలలేదు. పక్కనుంచి చూస్తున్నాను. తెర వెలుగులో అతని దవడ బిగుసుకుని ఉంది. అప్పుడు కొట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

ఏసమ్మ నోరు తెరిచి, చేత్తో మూసుకుని, నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. “తప్పు రీలా?” అంది. “అయితే మళ్ళీ వస్తాడు.”

ముందు వరుసవారు వెనక్కి తిరిగి చూశారు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

బయటికి వచ్చాక కొళాయి దగ్గర చిట్టియ్య నీళ్ళు పుక్కిలించి, నా చెవి దగ్గరకు వచ్చి, మిగిలిన గాలంతా కూడగట్టి, “డేటు తీసుకోండి మేస్టారూ” అన్నాడు.

నేను పొంగిపోలేదు. ఐదు సంకేతాలతో ఇద్దరు మనుషులు ఎంత కాలం బతకగలరు? మిరపపండు ఎరుపును ఏ దెబ్బతో చెబుతాడు? నలభై ఏళ్ళు మాటల్లో మునిగి తేలిన ఇల్లు అది. కానీ అంతకుముందు వాళ్ళ చేతిలో ఏమీ లేదు, ఇప్పుడు ఐదున్నాయి.

మంగళవారం ఉదయం అతణ్ణి లోపలికి తీసుకువెళ్ళేముందు ఏసమ్మ మంచం పక్కన నిలబడి, “ఏదైనా చెప్పాలని చూడకు. దాచుకో” అంది. అతను వినలేదు. ఆమె తల దగ్గరకు లాక్కుని ఒకే ఒక్క మాట అన్నాడు. ఏమిటని నేను తరువాత అడిగితే ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, “‘ఇంటర్వెల్’ అన్నాడండి. ఎర్రిబాగులోడు” అంది.

ఏడు గంటలు పట్టింది. మెడకు రంధ్రం, అందులో గొట్టం, ముక్కులోంచి మరొకటి. మరునాడు జ్వరం వచ్చింది. కళ్ళు తెరవలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళి అటక మీది పెట్టెలోంచి ఆ రూళ్ళకర్ర వెతికి తెచ్చి అతని చేతిలో పెట్టాను. వేళ్ళు మూసుకోలేదు. కర్ర నేల మీద పడి దొర్లింది. ఏసమ్మ ఉలిక్కిపడి, “కొట్టేడా?” అంది. “లేదమ్మా, పడింది” అన్నాను. అంతకంటే క్రూరమైన వాక్యం నేను పలికి ఎరుగను.

ఆమె ఆ ఇనుపమంచం చట్రం మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. భోజనానికి లేవలేదు. నర్సులు వచ్చి జరగమంటే జరిగి, మళ్ళీ తడుముకుంటూ వచ్చి అదే చోట చెయ్యి పెట్టేది. రెండో రోజూ అంతే. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, జ్వరం తగ్గకపోతే కష్టమన్నారు. నేను ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు. సాయంత్రం ఒకసారి మాత్రం, తనలో తను అనుకుంటున్నట్టు, “గోడ అవతల ఎవరూ లేనట్టుందండి” అంది.

మూడో రోజు ఉదయం వార్డంతా గోలగా ఉంది. మందుల బండి చక్రం కీచుమంటోంది. పక్క మంచం రోగి మనవడు ఫోనులో ఏదో సినిమా పెట్టుకున్నాడు, వీరులు కొట్టుకుంటున్నారు. ఎవరో కాఫీ ఫ్లాస్కు కోసం కేకలు వేస్తున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను.

నాకు ఏమీ వినబడలేదు. ఏసమ్మ భుజాలు లేవడం మాత్రం కనబడింది. ఆమె రెండో అరచెయ్యి కూడా చట్రం మీద పెట్టింది. అతని చూపుడువేలు ఇనుము మీద ఉంది. ఒకసారి లేచి పడినట్టుంది, అంతే. ఒక్క దెబ్బ.

ఏసమ్మ వార్డు వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

“కాస్త సౌండు తగ్గించండమ్మా. బాబూ, ఆ ఫోను ఆపు. ఆయన మాట్లాడతాడంట.”